అరచేతిలో డబుల్స్

మొన్న ఆదివారం దువ్వూరు నుంచి నా కూతురు వచ్చి, నా కాళ్లకు నూనె రాస్తూ టీవీ పెట్టింది. ఏవేవో తిప్పుతుంటే ఒకచోట నలుగురు మగవాళ్లు నిక్కర్లు వేసుకుని, మధ్యలో వల కట్టి బంతి కొట్టుకుంటున్నారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. నేను ఊరికే చూస్తున్నాననే అనుకున్నాను. కూతురు నా చేతికేసి చూసి, "ఏందిమ్మా, అరచేతిలో ఏం రాస్తాండావు?" అంది. చూసుకుంటే నా కుడిచేతి వేలు ఎడమచేతిలో తనంతట తాను అటూ ఇటూ పరుగెత్తుతోంది. సంతకం తప్ప మరేమీ నేర్వని వేలు అది. "రాయడంల్యా. మీ నాయనకు ఆట చెప్తాండా" అన్నాను. అది నూనెగిన్నె పక్కన పెట్టి, "అయితే నాకూ చెప్పు, రాసుకుంటా" అని కూర్చుంది. నేను అన్నది అన్నట్టు రాస్తే చదివేవాళ్లకు గరగరమంటుందని కాస్త సాపు చేసి రాస్తోంది. చేయనీ.

మా ఆయన జమ్మలమడుగులో డ్రిల్లు అయ్యవారు. పగలంతా పిల్లకాయల చేత కబడ్డీ ఆడించి, సాయంత్రం కాగానే తెల్ల నిక్కరు తొడుక్కుని క్లబ్బుకు పోయేవాడు. అక్కడ ఎర్రమట్టి టెన్నిస్ కోర్టులో ఆయనా, బ్యాంకులో పనిచేసే ఒకాయనా జోడీ. ఆ నిక్కరు ఉతికీ ఉతికీ నా చేతులకు మట్టి రంగు పట్టింది గానీ ఆట ఏమిటో నాకు పట్టలేదు. ఒక్కడే ఆడేదాని కంటే ఇద్దరు కలిసి ఆడేదే కష్టమైన ఆట అని ఆయన నమ్మకం. రిటైరై ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకునే నాటికి చక్కెర జబ్బు ఆయన కళ్లలోకి దిగింది. మొదట పేపరులో అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల ముఖాలు పోయాయి, చివరికి వెలుతురూ నీడా మిగిలాయి. అన్నింటినీ తట్టుకున్న మనిషి, టీవీలో బంతి కనిపించని రోజు మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ మరునాటి నుంచి ఆట నేనే చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లు నోటికి బంతి అడ్డం పెట్టుకుని గుసగుసలాడితే, "ఏం కుట్ర చేస్తాండారో మామా" అని అదీ చెప్పేదాన్ని. వాళ్ల పేర్లకు నా నోరు తిరిగేది కాదు. అందుకని మనకు దగ్గరగా ఉన్న జోడీకి జమ్మలమడుగు అనీ, అవతలి జోడీకి పులివెందుల అనీ పేర్లు పెట్టాను. ఒకటి ఆయన ఊరు, ఒకటి నేను పుట్టిన ఊరు. అంతా బాగానే ఉంది గానీ, కాసేపటికోసారి వాళ్లు కోర్టులో పక్కలు మారతారనే సంగతి నేను పట్టించుకోలేదు. నీళ్లు తాగి లేచి అటువాళ్లు ఇటొచ్చినా, ఇటున్నవాళ్లనే జమ్మలమడుగు అంటూ పోయాను. గెలుస్తున్న జమ్మలమడుగు ఉన్నట్టుండి చిత్తుగా ఓడిపోతుంటే ఆయన తల పట్టుకున్నాడు. విషయం తెలిశాక, "పక్క మారితే ఊరు మారతాదా మే?" అన్నాడు. "నేను మారలా? పులివెందుల్లో పుట్టి మీ దిక్కుకు రాలా?" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, "ఎండ ఒగరికే కొట్టకూడదని మారతారు లేమే" అన్నాడు.

రాష్ట్రం రెండైన కొత్తలో, మద్రాసులో దేశదేశాల ఆటగాళ్లు ఆడే పోటీ ఉందని ఎవరో చెప్పారు. "ఒక్కతూరి ఆడ కూర్చోని డబుల్సు చూడాల మే, ఈ వెలుతురన్నా ఉండంగానే" అన్నాడు. వినాలి అనలేదు, చూడాలి అన్నాడు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకుని ఎర్రగుంట్లలో రైలెక్కాం.

జనమంతా సింగిల్సుకే వస్తారట. మేము పోయినప్పుడు సగం కుర్చీలు ఖాళీ. ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు నాది. ఆట మొదలవగానే, "మామా, జమ్మలమడుగు పొడుగాయప్ప ఎగిరి కొట్నాడు, పులివెందుల బోడాయప్ప ఎత్తినాడు" అని అందుకున్నాను. బంతి వేయబోతున్నవాడు చెయ్యి దించేశాడు. ఎత్తుకుర్చీలో కూర్చున్నాయన మైకులో ఏదో అన్నాడు. ముందువరుసవాళ్లంతా వెనక్కి తిరిగారు. గొంతు తగ్గించాననుకున్నాను గానీ అది తగ్గే రకం కాదు. మళ్లీ మైకు. పక్కనున్నామె నాకేసి చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది. మా ఆయన చేతికర్ర తడుముకున్నాడు. "సాల్లేమే, పోదాం పా. నువ్వు పలక్కుంటే నాకు ఈడ ఏముండాది?" అన్నాడు.

అంతదూరం ఆశపడి వచ్చిన మనిషిని ఎలా లేపుకుపోను? ఆయన చెయ్యి లాక్కుని నా ఒడిలో పెట్టుకున్నాను. దారంతా ఆయన కర్ర పొడుచుకుంటూ నా వెనకే వచ్చాడు. పెళ్లయ్యాక నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అరచేతికి అడ్డంగా పోయే గీత వల. మణికట్టు వైపు జమ్మలమడుగు, వేళ్ల వైపు పులివెందుల. బంతి ఎటు పోతే నా వేలు అటు. గట్టిగా కొడితే గోరు, మెల్లగా వేస్తే వేలి మెత్తన. బయట పడితే చెయ్యి అంచు దాటించేదాన్ని. మొదట ఆయన చక్కిలిగింత అని చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. తర్వాత వేళ్లు బాగా విప్పాడు. ఆ తర్వాత కుర్చీలో ముందుకు వంగాడు. ఇక జనం "అబ్బా" అన్నప్పుడల్లా ఆయనా వాళ్లతోపాటే అన్నాడు, వెనకబడలేదు. పక్కలు మారినప్పుడు ఊళ్లను కూడా మార్చి చూపించాను, ఈసారి తప్పలేదు.

ఆఖరి బంతికి నా వేలు ఆగిపోయింది. పులివెందుల కొట్టిన బంతి జమ్మలమడుగు ఇద్దరి నడుమ నుంచి వెళ్లిపోయింది. ఇద్దరికీ అందేదే, ఇద్దరూ బ్యాటు చాపలేదు. దాన్ని ఎలా చెప్పాలో తెలియక వేలు గాలిలో పెట్టుకుని కూర్చుంటే, ఆయనే నా చెవి దగ్గరకు వంగాడు. "ఇద్దరి నడుమ పడింది గదా? వాడు తీస్తాడని వీడు, వీడు తీస్తాడని వాడు."

"నీకెట్ల తెలిసె మామా?"

"రెండు జతల బూట్లు ఒకటేసారి ఆగిపాయ. బ్యాంకాయనా నేనూ ఇట్ల ఎన్ని పోగొట్టుకున్యామో."

ఓడిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వి, అరచేతులు తాకించుకున్నారు. అది చెప్పడానికి ఆయన అరచేతిలో నా అరచెయ్యి ఆనించాను. ఆయన తీయనివ్వలేదు. గేటు దాకా అలాగే నడిచాం. తిరుగు రైల్లో, అడగకుండానే, "బాగా జూసినా మే" అన్నాడు.

తర్వాత ఆ వెలుతురూ పోయింది, కొన్నాళ్లకు ఆయనా పోయాడు. మా ఇంట్లోనూ అలాంటి బంతులు చాలా పోయాయి. మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు ఆయన తెస్తాడని నేను, నేను తెస్తానని ఆయన కూర్చుంటే వాన వచ్చి తడిపిపోయేది. ఎంతెంత పోట్లాడుకున్నామో. ఇప్పుడు మబ్బు పట్టకముందే లేస్తాను, ఒక్క కాయా తడవదు. ఇద్దరి నడుమ పడి పోగొట్టుకోవాలన్నా ఇద్దరుండే కాలం కావాలి. అందులో ఉన్నన్నాళ్లూ అది మనకు తడిసిన మిరపకాయల గొడవలాగే కనిపిస్తుంది.