తేలేవన్నీ చెత్త కాదు

అత్తగారి వైపు వాళ్ల ముందు పరువు పోగొట్టుకోవడానికి అల్లుడికి సవాలక్ష మార్గాలున్నాయి. నేను పట్టుకున్న దారిలో పరువుతో పాటు ప్రాణం కూడా పోవలసింది. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే ముందు నా కాళ్లు రెండూ ఉన్నాయో లేదో చూసుకుంటాను, ఆ తర్వాతే నవ్వొస్తుంది. మీకా ఇబ్బంది లేదు, ఇప్పుడే నవ్వుకోండి.

పెళ్లయిన కొత్తలో ఆత్మకూరు దగ్గర కృష్ణలో చెత్త ఏరే మిషన్ మీద పనికి కుదిరాను. ‘మీద’ అన్నానే గానీ దాని మీద ఎవరూ ఎక్కరు. గట్టున నిలబడి రిమోట్‌లో బటన్ నొక్కితే అదే పడవలా వెళ్తుంది. తేలుతున్న చెత్తను కెమెరాతో చూసుకుంటుంది, ముందున్న బెల్టుతో పైకి లాగి వెనక తొట్టిలో వేసుకుంటుంది, ఒడ్డుకొచ్చి కుమ్మరిస్తుంది. ఇంత సంగతి మా అత్తగారింట్లో చెప్పలేదు. ‘మిషన్ నడుపుతాను’ అని మాత్రం చెప్పాను.

మా మామ లింగయ్యది మక్తల్ వైపు. గొర్లు కాస్తాడు. ఒకరోజు అల్లుడి పని చూడాలని మా ఆవిడ స్వరూపను వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. నేను బటన్ నొక్కాను. మిషన్ కదిలింది.

“అది పోతాంది గదా, నువ్వు గీడనే ఉన్నవేంది అల్లుడా?”

“దానంతట అదే పోతది మామా.”

“మరి నువ్వేం జేస్తవ్?”

స్వరూప తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది.

“మీరొచ్చిన్రని జర ఆగిన గంతే. నేనెక్కకుంటే అది నడుస్తదా?” అని మిషన్‌ను వెనక్కి రప్పించి, మళ్లీ బటన్ నొక్కి, రిమోట్ మామ చేతిలో పెట్టి, ఎగిరి దాని మీదికి దూకాను. అవును, రిమోట్ మామ చేతిలోనే పెట్టాను. వినాశకాలంలో బుద్ధి గట్టు మీదే ఉండిపోతుంది.

నడుం మీద చేతులు పెట్టుకుని ఓడ కెప్టెన్‌లా నిలబడ్డాను. మిషన్ నడిమధ్యకు వెళ్లింది. గుర్రపుడెక్క, నీళ్ల సీసాలు, వాటి పక్కన ఒక మొద్దు. కెమెరా దాన్ని మొద్దు అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరి తెలివీ ఒక్కటే. బెల్టు దాన్ని పైకి లాగింది. సగం దూరం వచ్చాక మొద్దు కళ్లు తెరిచింది.

నా గుండె ఆగి, ఉండాలా పోవాలా అని కాసేపు ఆలోచించుకుని, మళ్లీ మొదలైంది. చుట్టూ కృష్ణమ్మ పారుతున్నా నాలుక ఎండాకాలం మక్తల్ చేనులా బీటలు వారింది. మొసలి నా కాళ్ల పక్కనుంచే జారి ధనామని తొట్టిలో పడింది. మా ఇద్దరి మధ్య మోకాలెత్తు రేకు ఒక్కటే అడ్డం. మొసలికి నీళ్లలోనే బలం అంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ నోరు తెరిచి తోకతో తొట్టిని బాదుతున్న మొసలిని చూసినట్టు లేదు.

“మామా! మొసలి! మొసలి!”

“ముసలా? ఎవర్ని వట్టుకొని ముసలంటున్నవ్?”

“నిన్ను గాదు మామా, మొసలి! ఎర్ర బటన్ ఒత్తు!”

మామ ఏది నొక్కాడో ఏమో, మిషన్ మరింత జోరందుకుంది. ముందు మొసలి, వెనక మొసలి పుట్టిల్లు. నీళ్లలోకి దూకేశాను. గాలిలో ఉండగా ఒక సందేహం వచ్చింది: ఇది ఇక్కడుందంటే దీని చుట్టాలెక్కడుంటారు?

నీళ్లలో ఏదో కాలికి చుట్టుకుంది. అది గుర్రపుడెక్క వేరని తర్వాత తెలిసింది. నేను వేసిన కేకకు గట్టున కొంగలన్నీ లేచిపోయాయి. అంతలో మిషన్ నా వైపు తిరిగింది. కెమెరా నన్ను చూసింది. నేనూ తేలుతున్నాను కదా!

“నన్ను గాదే! నేను మనిషిని!” అని అరిచాను. దానికి చెవుల్లేవు. బెల్టు నన్ను ఎత్తుకుంది. పైన మొసలి. పైకి పోయే బెల్టు మీద నేను కిందికి పరిగెత్తాను. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉన్నాను. చివరికి కాలు జారి నేనూ తొట్టిలో పడ్డాను. ఆ మూల అది, ఈ మూల నేను, మధ్యలో ఖాళీ సీసాలు. కళ్లు గట్టిగా మూసుకుని స్వరూప పేరు తలుచుకున్నాను. మొసలి కన్నీళ్లంటారు గానీ, ఆ తొట్టిలో ఏడ్చింది నేనొక్కడినే.

“గిటియ్యి నాయినా! ఆయన సచ్చిపోతడు!” అని రిమోట్ లాక్కుంటూ గట్టు మీద స్వరూప అరవడం వినపడింది. మిషన్ ఒడ్డు వైపు మళ్లింది. కళ్లు తెరిచాను. అంత దూరమూ మొసలి నన్ను చూస్తూనే ఉంది. నేను ఊపిరి కూడా దానికి తెలియకుండా పీల్చుకున్నాను.

గట్టు తగలగానే తొట్టి వంగి మా ఇద్దరినీ కుమ్మరించింది. మొసలి వెనక్కి చూడకుండా నీళ్లలోకి ఉరికింది. నేను గుర్రపుడెక్క కింద కదలకుండా పడి ఉన్నాను. స్వరూప ఏడుస్తూ వచ్చి నా చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసింది. మామ మెల్లగా వచ్చి నా నెత్తి మీది ప్లాస్టిక్ కవర్ తీసి పక్కన పెట్టాడు.

“మంచి మిషిని అల్లుడా,” అన్నాడు. “మొసలిని నీళ్లకిడిసి, చెత్తను ఒడ్డుకు దెచ్చింది.”

అంతవరకు ఏడుస్తున్న స్వరూప నవ్వు ఆపుకోలేక కూలబడిపోయింది.

అందుకే కృష్ణమ్మ సాక్షిగా, నా రెండు కాళ్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మనిషి ఎక్కనక్కరలేని మిషన్‌ను, ఎవరో చూస్తున్నారని, ఈ జన్మలో ఎక్కను. వచ్చే జన్మలో మొసలినై పుట్టినా ఎక్కను.