డ్రాలో వచ్చిన ఎండ

భీమేశ్వరరావు గారింట్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు దానికొక ఫైలు పుట్టాలి. ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఫైనాన్సు అధికారి. పొద్దున్నే మయూర్ విహార్‌లో చార్టర్డ్ బస్సెక్కి వెళ్లి ఊరందరి ఖర్చుల మీదా అభ్యంతరాలు రాయడం, సాయంత్రం అదే బస్సు దిగి వచ్చి సొంత ఇంటి ఖర్చుల మీద అభ్యంతరాలు చెప్పడం ఆయన దినచర్య. కుక్కర్ రబ్బరు పాడైతే మూడు దుకాణాల్లో ధర కనుక్కుని అన్నిటికన్నా చవకది తెచ్చేవారు. అది నెల తిరక్కుండా సాగిపోతే మళ్లీ మూడు దుకాణాలూ తిరిగేవారు. అందులో ఆయనకు నష్టమేమీ కనిపించేది కాదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది కదా!

మనిషి మంచివాడే. ఒకరి సొమ్ము ముట్టరు, ఒకరి జోలికి పోరు. మావారు రామమోహనరావు గారికి ఆయనంటే భక్తి. వాళ్ల ఫ్లాటు మీది ఫ్లాటే మాది కాబట్టి ఆ భక్తి నాకూ అంటాలి. కానీ ఆయన్ని తలచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

ఆయన భార్య మాణిక్యాంబ గారు ఇంట్లోనే ఇడ్లీపిండి, దోసెల పిండి రుబ్బి అమ్మేవారు. తణుకు నుంచి ఢిల్లీకి కాపురం వచ్చినప్పుడు రైల్లో సీటు కింద పెట్టుకుని మోసుకొచ్చిన రాతి గ్రైండర్ అది. వంటింట్లో సగం అదే ఆక్రమించేది. సొసైటీలో తెలుగువాళ్లు, తమిళులే కాదు, దోసె తిరగెయ్యడం కొత్తగా నేర్చుకున్న పంజాబీ ఆడవాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడేవారు. వచ్చిన డబ్బు ఆవిడ పోస్టాఫీసులో వేసుకునేవారు. ఆ ఇంట్లో ఎవరి మంజూరూ అక్కర్లేని డబ్బు అదొక్కటే. ఆ పుస్తకం చూపించేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, కొత్త పెళ్లికూతురి మొహంలా ఉండేది.

తొంభై ఏడు ఎండాకాలం వచ్చింది. మా వైపు కరెంటు పోయిందంటే తిరిగి రావడానికి దానికి మనసొప్పేది కాదు. పప్పు సగం నలిగాక గ్రైండర్ ఆగిపోయేది. ఆ ఎండకి మిగతా సగం నలిగేలోపే పిండి పులిసిపోయేది. మాణిక్యాంబ గారు దాన్ని సింకులో పారబోసి, గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్లని వెనక్కి పంపేవారు.

ఒక సాయంత్రం నా ఎదుటే భర్తనడిగారు.

“ఏవండీ, కరెంటు పోయినా నా గ్రైండర్ ఆక్కుండా ఉండేలా ఏదన్నా చెయ్యండి. ఇంకేం అడగను. పోస్టాఫీసు డబ్బు తీసిస్తాను. కరోల్ బాగ్‌లో కిరసనాయిలుతో నడిచే చిన్న జనరేటర్లు దొరుకుతున్నాయంట.”

“కిరసనాయిలా? పొగ, చప్పుడు, పైగా రోజూ ఖర్చు. రికరింగ్ ఎక్స్‌పెండిచర్ అంటారు దాన్ని” అన్నారాయన. “పైన ఎండ ఊరికే పోతోంది కదా. సోలార్ పెట్టిద్దాం.”

అప్పట్లో సోలార్ అంటే మాకు తెలిసింది ఎగ్జిబిషన్‌లో అన్నం ఉడికించి చూపించే నల్లపెట్టె ఒక్కటే. ఇంటికి పెట్టుకున్నవాళ్లెవరూ లేరు. అందుకే కాబోలు, భీమేశ్వరరావు గారికి హుషారు పుట్టింది. సెలవులు పెట్టి మరీ కరోల్ బాగ్ చుట్టూ తిరిగి, ఒకనాడు కాఫీ వేళకి లెక్కలతో మా ఇంటికొచ్చారు.

ఎండలో పెట్టే పలక, అది చేసిన కరెంటు దాచుకునే బ్యాటరీ, ఆ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్, ఇనుప స్టాండు, వైర్లు, కూలి. అన్నీ కలిపితే ముప్పై వేలు. మావారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. ఆ డబ్బుకి ఆ రోజుల్లో కొత్త స్కూటరొచ్చి ఇంటిముందు నిలబడేది.

“కంగారు పడకండి” అన్నారు భీమేశ్వరరావు గారు. “పలక ఇరవై ఏళ్లు పని చేస్తుంది. ఇరవై ఏళ్లకి పంచి చూడండి. రోజుకి నాలుగు రూపాయల చిల్లర! ఆఫీసు క్యాంటీన్లో టీ, సమోసా డబ్బులు!”

“బ్యాటరీ కూడా ఇరవై ఏళ్లు వస్తుందా అన్నయ్యగారూ?” అని నేనడిగాను.

“బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తుందమ్మా. మధ్యమధ్యలో డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి.”

“మరి ఇరవై ఏళ్లలో ఎన్ని బ్యాటరీలు మార్చాలి? ఆ ఖర్చేదీ?”

“అది మెయింటెనెన్స్ కిందికొస్తుందమ్మా. ఇది క్యాపిటల్. రెండూ కలపకూడదు.”

“కాగితం మీద కలపకూడదేమో గానీ, రెండూ పోయేది ఒక్క చేతి సంచిలోంచే కదండీ” అన్నాను. మావారు నా వంక గుడ్లురిమి చూశారు. భీమేశ్వరరావు గారు మాత్రం నవ్వి, ఆడవాళ్లకి అకౌంట్సు చెప్పడం కష్టమన్నారు. చేతి సంచి మాణిక్యాంబ గారిదన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక పలక పెట్టడానికి చోటు కావాలి. మా సొసైటీ సెక్రటరీ చడ్డా గారు. వెళ్లి అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అరే రావ్ సాబ్, జహాఁ మర్జీ లగా లో! ఛత్ ఖాలీ పడీ హై” అన్నాడు. పైకప్పంతా ఖాళీయే, ఇష్టమొచ్చిన చోట పెట్టుకోమన్నాడు.

ఇంకొకరైతే ఆ సాయంత్రానికే దక్షిణపు వైపు మంచి ఎండలో స్టాండు బిగించేసేవారు. భీమేశ్వరరావు గారు వణికిపోయారు. అందరిదీ అయిన స్థలాన్ని ఒక్కరికి నోటి మాటతో ఇచ్చెయ్యడమా? రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే? ఆయన ఉద్యోగమంతా అలాంటి అభ్యంతరాలు చెప్పడంలోనే గడిచింది కాబట్టి ప్రపంచంలో ఉన్నవాళ్లందరూ అదే పని మీద ఉంటారని ఆయన నమ్మకం. చడ్డా వద్దు మొర్రో అంటున్నా వినకుండా, స్వయంగా నోటీసు రాసి బోర్డు మీద అంటించారు. ఎండ నిమిత్తం పైకప్పు మీద స్థలం కోరేవారు దరఖాస్తు చేసుకోవచ్చు, డ్రా తీసి కేటాయించబడును.

అప్పటిదాకా ఎండని తిట్టడమే తప్ప కావాలనుకున్నవాడు మా సొసైటీలో లేడు. నోటీసు చూశాక ఒక్కడూ వదల్లేదు. కపూర్ ఆంటీకి ఊరగాయ జాడీలు ఎండబెట్టుకోవాలి. బెనర్జీ గారికి రజాయి దుప్పట్లు ఆరేసుకోవాలి. గుప్తాకి ఏమీ అక్కర్లేదు, కానీ ఎదురింటివాడు అప్లై చేశాడు. ఏదో ఊరికే ఇస్తున్నారట అని మావారూ పెట్టి వచ్చారు. ఎందుకండీ అంటే, ఉండనీ అన్నారు. మా ఫ్లాట్లు డ్రాలో వచ్చినవే, స్కూటర్లు నిలిపే చోట్లూ డ్రాలో వచ్చినవే. డ్రా అంటే మాకు అంత గురి.

ఆదివారం నాడు స్టీలు డబ్బాలో చీటీలు వేసి మిసెస్ చడ్డా చేత తీయించారు. భీమేశ్వరరావు గారికి ఉత్తరపు మూల, నీళ్ల ట్యాంకు వెనకాల వచ్చింది. మధ్యాహ్నం దాటేదాకా అక్కడ ట్యాంకు నీడ. ఆ తర్వాత కొంచెం ఎండ తొంగి చూసి పోతుంది. నట్టనడుమ బంగారం లాంటి ఎండ పడే చోటు, బదిలీ మీద జోర్హాట్ వెళ్లిపోయిన ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి దక్కింది. వాళ్ల ఫ్లాటుకి తాళం వేసి ఏడాది దాటింది. మునిర్కాలో ఉండే బావమరిది ఎందుకైనా మంచిదని వాళ్ల తరఫున దరఖాస్తు పడేశాడట.

“వాళ్లు ఎలాగూ లేరు కదండీ. ఆ చోట పెట్టుకుంటే ఎవరేమంటారు?” అని మాణిక్యాంబ గారు అడిగారు.

“ఆక్రమణ అంటారు” అన్నారాయన. డ్రా పెట్టమన్నది తానే కాబట్టి ఫలితాన్ని గౌరవించాలట. ట్యాంకు నీడలో పలక బిగించి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు.

సాయంత్రం కరెంటు పోవడం కోసం మేమందరం వాళ్లింట్లో ఎదురుచూశాం. కరెంటు పోవాలని కోరుకున్నది నా జీవితంలో ఆ ఒక్క రోజే. పోయింది. మిగతా సొసైటీ అంతా చీకటి, వాళ్లింట్లో మాత్రం ట్యూబులైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది, టీవీలో వార్తలొస్తున్నాయి. చడ్డా చప్పట్లు కొట్టాడు. మాణిక్యాంబ గారు కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పరిగెత్తి, నానిన మినప్పప్పు గ్రైండర్లో వేసి స్విచ్చి నొక్కారు.

గ్రైండర్ ఒక్కసారి మూలిగింది. ఇన్వర్టర్ కీచుమంది. ఇల్లంతా చీకటైపోయింది.

“అది దీని మీద నడవదు. ఆపెయ్” అన్నారు భీమేశ్వరరావు గారు, తెలిసిన విషయం చెబుతున్నట్టు నెమ్మదిగా. “దానికి ఇంతకి నాలుగింతలు పెద్ద ఇన్వర్టర్ కావాలి. ఇంకో బ్యాటరీ, ఇంకో రెండు పలకలు కావాలి.”

“మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి నేనడిగింది అదొక్కటే కదండీ!”

ఆయన గొంతు తగ్గించారు. “సొసైటీ దరఖాస్తులో ఏమేం నడుపుతామో రాయాలి మాణిక్యం. గ్రైండర్ అని రాస్తే, ఇంట్లో వ్యాపారం చేస్తున్నామని మన చేత్తో మనం ఒప్పుకున్నట్టే. ఫ్లాట్లలో వ్యాపారం నిషేధం. కాగితం మీద ఎలా పెడతాం చెప్పు?”

ఆ కాగితం అందుకున్న చడ్డా అక్కడే ఉన్నాడు. ప్రతి ఆదివారం చడ్డా వాళ్లింట్లో తినే దోసెలు మాణిక్యాంబ గారి పిండితో పోసినవే.

భీమేశ్వరరావు గారి అమ్మాయి సాత్విక కాలేజీలో చదువుతోంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. “పాపా, పైసే తో మమ్మీ కే థే నా?” అంది. డబ్బు అమ్మది కదా నాన్నా అని.

“ఇంటి డబ్బమ్మా అది” అన్నారాయన. నాకు అరవాలనిపించింది. మావారు నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయారు.

ఆ ఎండాకాలమంతా కరెంటు పోయినప్పుడల్లా భీమేశ్వరరావు గారు ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుకునేవారు. క్రికెట్ మ్యాచ్ ఉంటే సొసైటీ మగవాళ్లందరూ అక్కడే చేరేవారు. బ్యాటరీ ఉన్నంతసేపు టీవీ చూసి, అది అయిపోగానే సూర్యుడి గొప్పతనం గురించి మాట్లాడుకునేవారు. వాళ్లందరికీ మాణిక్యాంబ గారు టీ కాచేవారు. చీకట్లో వంటింట్లో ఆవిడ గ్రైండర్ పక్కన కరెంటు కోసం కాచుకునేవారు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని కూడా ఆవిడదే.

బజారులో ఒక దుకాణం వాడు జనరేటర్ పెట్టుకుని పిండి ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. దాంట్లో రుచీ పచీ లేదు, కానీ వేళకి దొరికేది. గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. నేను కొన్నాళ్లు మొండికేసి కాచుకుని కూర్చుంటే చివరికి ఆవిడే, “మీరూ ప్యాకెట్టు తెచ్చేసుకోండి వదినా, పిల్లలు స్కూలుకెళ్లాలిగా” అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

మరుసటి వేసవికి బ్యాటరీ చచ్చిపోయింది. మూడు నాలుగేళ్లు రావలసింది ఏడాదైనా నిండలేదు. ట్యాంకు నీడలో ఒక్కనాడైనా దాని కడుపు నిండలేదని దుకాణం వాడు తేల్చాడట. భీమేశ్వరరావు గారు కంగారు పడలేదు. నేను మాణిక్యాంబ గారికి కరివేపాకు ఇద్దామని వెళ్లిన సాయంత్రం, ఆయన హాల్లో కూర్చుని కొత్త బ్యాటరీ ధరలు చదువుతున్నారు.

“ఆరు వేల లోపే వస్తుంది. పోస్టాఫీసులోంచి తియ్యి మాణిక్యం” అన్నారు.

“పోస్టాఫీసులో ఏం లేదండి” అన్నారావిడ.

“లేకపోవడమేంటి? నెలనెలా వేస్తావుగా?”

“పిండి అమ్మితే వేసేదాన్ని.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మొదటిసారి ఆయన మొహంలో నిజమైన దిగులు చూశాను. పాపం అనిపించింది కూడా, అబద్ధమెందుకు? చాలాసేపు ఆలోచించి, దారి దొరికినవాడిలా తలెత్తారు.

“పోనీ, మళ్లీ మొదలుపెట్టు. పెద్ద ఇన్వర్టరే పెట్టిద్దాం. దరఖాస్తులో గ్రైండర్ అనే రాస్తాను. ఎవడేమన్నా నేను చూసుకుంటాను.”

ఆయన అలా అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. మాణిక్యాంబ గారు నా చేతిలోని కరివేపాకు తీసుకుని ఆకులు దూస్తూ కూర్చున్నారు.

“గ్రైండర్ దసరాలకే అమ్మేశానండి” అన్నారు.

“అమ్మేశావా? ఎప్పుడు? నాకు తెలీకుండా!”

“మీరింట్లోనే ఉన్నారు. కరెంటు లేదు, ఫ్యాను కింద పేపరు చదువుతున్నారు. మోసుకెళ్లేవాళ్లకి దారి లేకపోతే, మీరే కాళ్లు పక్కకి జరిపారు.”