నాలుగు గ్లాసుల నీళ్లు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడటానికి అది నలభై పేజీల నోట్‌బుక్కే. దాన్ని మా మేనకోడలు స్వాతి వాళ్లమ్మ ఫొటో పక్కన పెట్టుకుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా అక్కకు ఊపిరితిత్తుల క్యాన్సర్. బావ లేడు. స్వాతికి బెంగళూరులో ఉద్యోగం. అందుకని అక్కను అంబర్‌పేట్ నుంచి తార్నాకలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఒకసారి రక్తపరీక్షలో సోడియం తగ్గిందని తేలింది. ఉప్పు తినకపోవడం వల్ల కాదట. ఈ జబ్బులో ఒంట్లో నీరు బయటికి పోకుండా నిలిచిపోయి, రక్తంలో ఉన్న ఉప్పును పలచన చేస్తుందట. రోజుకు నాలుగు గ్లాసులకు మించి నీళ్లివ్వొద్దన్నాడు డాక్టరు. ఎన్ని తాగిందో రోజూ రాయమన్నాడు.

రాయడం నా పనే కదా. నేను యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటును. మా సెక్షన్లో రిజిస్టర్లు ఏ రోజువి ఆ రోజు నింపం. శనివారం కూర్చుని వారమంతా ఒక్క దెబ్బకు నింపేస్తాం. అక్క నీళ్లు కూడా అలాగే నింపాను. సోమవారం నాలుగు, మంగళవారం నాలుగు. అంకెలు ముత్యాల్లా ఉండేవి.

ఇచ్చింది నాలుగేనా? కాదు. ఏడు, ఎనిమిది, ఒక్కోరోజు ఎన్నో నాకే తెలియదు. పొద్దున క్యాంపస్‌లో నాతో నడిచేవాళ్లు "కీమో మస్తు వేడి చేస్తది, నీళ్లు బాగ తాపియ్యి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చింది? "తమ్మీ, గొంతు ఎండుతున్నది రా" అని అక్క అడిగితే కాదనలేని నా పిరికితనానికి అదొక సాకు దొరికింది కాబట్టి. జాలి అనుకున్నాను. అది జాలేనా, లేక ఆమె మొహం చూడలేక నేను తప్పించుకున్న దారా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతి పరీక్షలో సోడియం ఇంకా పడిపోయింది. డాక్టరు నోట్‌బుక్ తిరగేశాడు.

"నాలుగు గ్లాసులేనా? పక్కానా?"

"పక్కా సార్. కొలిచే ఇస్తున్న."

పక్కనే ఉన్న అక్క నా వైపు చూసింది. ఆమె నవ్వింది.

"నీళ్లకు సుత తాళమేస్తడు సార్ మా తమ్ముడు. గంత గట్టోడు."

డాక్టరు నమ్మాడు. జబ్బే ముదిరిందనుకుని మందు మార్చాడు. నేను ఇంటికొచ్చి అక్కకు మళ్లీ గ్లాసు అందించాను. ఛీ, ఏం మనిషిని నేను! ఆ రోజైనా ఆపొచ్చు కదా? ఆపితే, ఇన్నాళ్లూ చేసింది తప్పని నాకు నేను ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ఆపలేదు.

వారంలోనే అక్కకు మతి తప్పసాగింది. నన్ను మా నాన్న అనుకుని "బాపూ" అని పిలిచింది. స్వాతి సెలవు పెట్టి పరుగున వచ్చింది. తల్లి చేయి పట్టుకుని "అమ్మా, నేనే" అంది. అక్క ఆమెను ఎగాదిగా చూసి, "ఎవరి పిల్లవు బిడ్డా?" అంది.

మర్నాడు ఫిట్స్ వచ్చాయి. సోడియం మరీ పడిపోతే ఇలాగే మతి తప్పి ఫిట్స్ వస్తాయన్నారు ఆసుపత్రిలో. నీళ్ల సంగతి మళ్లీ అడిగారు. మళ్లీ నాలుగే అన్నాను. మూడో రోజు అక్క పోయింది.

జబ్బు ఎలాగూ ఆమెను మిగల్చదు. నాకు తెలుసు. ఆ మాట వెనక దాక్కోవాలనీ చూశాను. కానీ కూతురిని గుర్తుపట్టి, నాలుగు మాటలు చెప్పి పోయేదేమో. ఆ పిల్లకు దక్కాల్సిన ఆ నాలుగు మాటలు నా వల్లే పోయాయి.

కర్మ అయ్యాక స్వాతి ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుంది. ఏటా సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలకు పేజీలు తిప్పి చూపిస్తుంది. "సూడుండ్రి, మా మామ ఒక్కరోజు సుత తప్పలే." అందరూ మెచ్చుకుంటారు. నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

ఈ ఏడూ చూపించింది. ఈ ఏడూ నోరు పెగల్లేదు.

ఆ పుస్తకంలో ఒక్క అంకె కూడా నిజం కాదు. అక్కకు తెలుసు. ఇప్పుడు మీకు తెలిసింది.