గట్టి ముడి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలోకి రాగానే ఆ పెద్దావిడ ముందు కొళాయి తిప్పి, నీళ్ళు ధారగా పడుతున్నాయో లేదో చూసుకుంటుంది. తర్వాతే రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు. ఆపైన మొహం పక్కకు తిప్పుకుని, బకెట్టు నీళ్ళలో కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేస్తుంది. ఒకనాడు తొందరలో అంతా తలకిందులు చేసి, సోడా మీద నీళ్ళు గుమ్మరించింది. కళ్ళద్దాలేమో నుదుటి మీదే ఉన్నాయి. సోడా పొగలు కక్కుతూ పొంగి కంట్లో చిందింది. పక్కనే దుప్పట్లు పిండుతున్న తోడికోడలు, వంటింటి తగాదాతో ఆమెతో మాటలు మానేసిన మనిషి, ఒక్క అంగలో వచ్చి జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి ఆమె తల కొళాయి కింద పెట్టింది. "చంపేస్తోంది, నన్ను చంపేస్తోంది!" అని పెద్దావిడ ఒకటే గోల. "తిట్టక్కా, నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. కన్ను మాత్రం మూయకు!" అంటూ చిన్నావిడ, డాక్టరు పరుగెత్తుకొచ్చినా నీళ్ళ కింద నుంచి ఆ తల కదలనివ్వలేదు. కన్ను దక్కింది. మాటలు కలిశాయి, వాటితోపాటు తగాదాలూ మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు రోజూ పనికి ముందు పెద్దావిడ జుట్టు బిగించి ముడి వేసుకుంటుంటే, "అంత గట్టిగా ఎందుకక్కా, తల నొప్పెట్టదూ?" అని చిన్నావిడ విసుక్కుంటుంది.

"మళ్ళీ పట్టుకోవాల్సొస్తే, నీ చేతిలోంచి జారిపోకూడదు కదే!"