వెంకన్న పటం వెనక గాలి

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు రెండు నమ్మకాలుండేవి. లోకంలో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందన్నది ఒకటి, ఆ కారణం నాకు మాత్రమే తెలుసన్నది రెండోది. మొదటిదాన్ని ఇప్పటికీ వదల్లేదు. రెండోదాన్ని టెక్సాస్‌లో, కాపెల్ అనే ఊళ్లో పోగొట్టుకున్నాను. ఆ రోజుల్లో నేను బెంచ్ మీద ఉన్నాను (అంటే కంపెనీ వీసా ఇస్తుంది, పని ఇవ్వదు, ధైర్యం మాత్రం ఫోన్‌లో చెబుతుంది). కరీంనగర్ నుంచి వచ్చి స్థిరపడిన అంకుల్, ఆంటీ తమ ఇంట్లో ఒక గది నాకు అద్దెకిచ్చారు. కాలేజీలో ఉండగా, దయ్యం ఉందని రుజువు చేసినవారికి సైకిలు బహుమతి అని సభలో సవాలు విసిరినవాణ్ణి (సైకిలు మా బాబాయిది, ఆ సంగతి ఆయనకు తెలియదు). అలాంటివాణ్ణి తీసుకెళ్లి దేవుడు గాలి పీల్చే ఇంట్లో పడేసింది నా తలరాత అనకూడదు కాబట్టి, అద్దె తక్కువ కావడం అంటాను.

నిజంగానే పీల్చేవాడు. నడవాలో గోడకు ఆనించి ఆంటీ పెట్టుకున్న, వెనక పలక లేని చెక్క మందిరంలో పెద్ద వెంకన్న పటం ఉండేది. శనివారం పూజలో హారతి వెలిగిస్తే మంట నిటారుగా నిలిచేది కాదు. కాసేపు ఆలోచించినట్టు ఊగి, మెల్లగా తల వంచి పటం వైపు సాగేది. సాంబ్రాణి పొగ పైకి లేవకుండా, ఎవరో పిలిచినట్టు పటం అంచుదాకా పాకి, వెనక సందులోకి జారి మాయమయ్యేది. ఒకావిడ తన కోరికను చీటీ మీద రాసి ఆ అంచున పెడితే, అందరూ చూస్తుండగా చీటీ చిన్నగా వణికి లోపలికి పోయింది. తర్వాతి శనివారం నుంచి ఇంటి ముందు కార్లు పెట్టడానికి చోటు లేదు. "అది గాలండీ" అన్నాను నేను. "కిటికీలన్నీ బంద్. ఫ్యాన్ లేదు. గాలి యాడికెళ్లి వస్తది చెప్పు సైంటిస్టూ?" అన్నాడు అంకుల్. కారణం కచ్చితంగా ఉందని గంభీరంగా అని, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

తలుపేసుకోవడం కూడా ఆ ఇంట్లో నా చేతుల్లో ఉండేది కాదు. పగలు వాళ్లిద్దరూ పనులకు వెళితే ఒంటరిగా మిగిలేవాణ్ణి. మధ్యాహ్నం రెండింటికి ఆ వీధిలో ఇళ్లుంటాయి, పచ్చికలుంటాయి, మనిషి ఉండడు. ఆ నిశ్శబ్దంలో, తెరిచి ఉంచిన నా గది తలుపు దానంతటదే కదిలి, తొందరేమీ లేకుండా సగం దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, మూసుకునేది. వెంటనే గోడలోంచి సన్నని మూలుగు, జబ్బు మనిషి నిద్రలో తీసేలాంటిది. ఆ తర్వాత, ఎక్కడా నిప్పు లేని ఇంట్లో, నెత్తిమీద నుంచి సాంబ్రాణి వాసన దిగేది. అప్పుడు నేను మూఢనమ్మకాల మీద ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. "భయం అజ్ఞానానికి పుట్టిన బిడ్డ" అన్న వాక్యం దగ్గర వారం రోజులు ఆగిపోయాను. (ఆ వాక్యాన్ని మంచం మీద, గోడకు వీపు ఆనించి, రెండు కాళ్లూ పైన పెట్టుకుని రాశాను. కాళ్లు కిందికి వేలాడదీయడం హేతుబద్ధంగా తోచలేదు.)

ఆగస్టులో ఏసీ చేతులెత్తేసింది. మిషన్ తిరుగుతోంది, చల్లగాలి రాదు. ఎస్టిమేట్ కోసం అంకుల్ ఒక మనిషిని పిలిచాడు. ఆయన బయటి మిషన్ మీద ఉన్న లేబుల్ చదివాడు, ఇంటి వైశాల్యం అడిగాడు, నడవా దగ్గరికి వచ్చి ఆగాడు. "సర్, షూస్ ప్లీజ్. గాడ్ ప్లేస్" అన్నాడు అంకుల్. బూట్లు విప్పడం తమ రూల్స్ ఒప్పుకోవని ఆయన, విప్పకపోతే అడుగు పెట్టనివ్వనని ఆంటీ. ఆయన దూరం నుంచే పటాన్ని చూసి, టోపీ తీసి, వెనక్కి తిరిగాడు. లోపలి మిషన్ ఉండే అటక ఎక్కనే లేదు, పైన చాలా వేడట. పదిహేడేళ్ల మిషన్ కాబట్టి బయటిది, లోపలిది, చలికాలపు హీటర్‌తో సహా మొత్తం మార్చాలని కాగితం రాసిచ్చాడు. పదకొండు వేల నాలుగు వందల డాలర్లు, శుక్రవారం లోగా సంతకం పెడితేనే ఆ ధర. నాడి చూడకుండా పాడె కట్టమన్నట్టుంది.

అంకుల్ ఉద్యోగపు కాంట్రాక్ట్ నెలాఖరుతో అయిపోతోంది. "సంతకం పెడితే ఉన్న పైసలన్నీ ఊడుస్కపోతయ్. కొత్త కాంట్రాక్ట్ దొరకకుంటే ఇల్లే పోతది. పెట్టకుంటే ఈ ఎండల ఉడికి సస్తం. ఏం సైంటిస్టూ, నీ కారణమేందో ఇప్పుడు చెప్పరాదు?" అన్నాడు. ఆ మాటలో వెటకారం సగమే. మిగతా సగం నాకు గుచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అటక ఎక్కాను. పెనం మీద పాకుతున్నట్టుంది. ఊపిరి తీస్తే ముక్కు మండింది. టార్చి వెలుగులో మిషన్ మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను. అంత వేడిలో, రాగి గొట్టం చుట్టూ, తెల్లగా, మంచు. పిడికిలి మందాన పేరుకుని సన్నగా ఆవిరి వదులుతోంది. మూలుగు దాని లోపలి నుంచే వస్తోంది. నిజం చెబుతాను, ఆ క్షణంలో ఎవరైనా వచ్చి సైకిలు అడిగితే ఇచ్చేసేవాణ్ణి.

భయపడ్డాక బుర్ర పనిచేసింది (నాకు ఎప్పుడూ ఆ వరసలోనే). మంచు కట్టిందంటే మిషన్ చల్లదనాన్ని పుట్టిస్తూనే ఉంది, మోసుకెళ్లడానికి గాలే రావడం లేదు. గాలి వచ్చే దారేది? నా నడుమంత లావు గొట్టం ఒకటి మిషన్ నుంచి బయలుదేరి ఒక గోడలోకి దిగింది. కిందికి వచ్చి లెక్క చూసుకుంటే ఆ గోడ వెంకన్నది.

మందిరాన్ని పక్కకు లాగాను. దాని వెనక గోడలో కిటికీ అంత ఇనుప జాలీ. ఇంట్లో గాలినంతా వెనక్కి లాగి మిషన్‌కు పంపే దారి అది. జాలీ తెరిస్తే లోపలి ఫిల్టర్ మీద మసి, విభూతి, సాంబ్రాణి జిగురు కలిసి నల్ల కంబళిలా పట్టేశాయి. ఆ నలుపులో ఎండిన మల్లె రేకులు, వాటి మధ్య పదుల కొద్దీ చీటీలు. గ్రీన్ కార్డ్. పాప. అమ్మ ఆపరేషన్. "ఆయన తాగుడు మానాలి." ఇన్ని నెలలుగా నేను పీల్చింది వీటి మీదుగా వచ్చిన గాలి. తలుపులు లాగింది, గోడలో మూలిగింది, మంటను వంచింది, నా గది కప్పులోని గాలి జాలీ గుండా సాంబ్రాణి వాసన దింపింది, ఊపిరాడని ఈ మిషనే. అంతా అర్థమయింది. అయినా మెడ మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు దిగలేదు. ఎందుకంటే చివరి చీటీ ఆంటీ చేతిరాత. "మా ఇంట్లున్న పిలగానికి ప్రాజెక్ట్ రావాలె."

"దొరికిందా బిడ్డా?" అని వెనక నుంచి వినిపించింది. పని నుంచి వచ్చి, చేతిలో కారు తాళాలతో ఆంటీ నిలబడి ఉంది.

"ఆంటీ, ఇక్కడ జాలీ ఉందని మీకు..."

"తెల్వదా నాకు? వేరే తాన సాంబ్రాణి వేస్తే పొగ అలారం మొత్తుకుంటది. ఈడైతే పొగ గోడలకు పోతది. అందుకే ఈడ పెట్టిన. లోపల ఫిల్టరుంటది, మార్చాలె అన్నదే ఎరుకలేదు."

"మరి మహిమ అంటుంటే ఊరుకున్నారేం?"

"నేనన్ననా? వాళ్లన్నరు. నలుగురు వస్తున్రు, కష్టం చెప్పుకుంటున్రు. వద్దందునా?"

"తెలిసి కూడా మీరు చీటీ ఎందుకు పెట్టారు?"

ఆంటీ చీటీ వైపు చూసింది. "యాడనో ఒకతాన పెట్టాలె గద."

ఎన్నో సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి. ఆ చీటీ మీది మసిని చొక్కాకు తుడుస్తూ నిలబడ్డాను.

కొత్త ఫిల్టర్ తెచ్చి, మిషన్ ఆపి, మంచు కరిగాక వేస్తే శుక్రవారం పొద్దుటికి ఇల్లు చల్లబడింది. అంకుల్ సంతకం లేని ఎస్టిమేట్‌ను నాలుగు మడతలు పెట్టి, నా భుజం మీద గట్టిగా చరిచాడు. శనివారం నల్లటి ఫిల్టర్ పట్టుకుని అరగంట ఉపన్యాసం ఇచ్చాను (చీటీలన్నీ ముందే తీసి ఆంటీకి ఇచ్చేశాను. అలా చేయమని ఏ సభలోనూ నాకెవరూ నేర్పలేదు). అందరూ శ్రద్ధగా విన్నారు. "చూశారా, పదకొండు వేలు మిగిల్చాడు స్వామి" అందొకావిడ.

మందిరం ఎదుటి గోడకు మారింది. మంట నిటారుగా వెలిగింది, పొగ పైకి లేచింది, అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ రోజు నుంచి, నేను ఆ ఊరు విడిచేదాకా, ప్రతి శనివారం స్టూలెక్కి తువ్వాలుతో పొగను అలారం దగ్గరికి రాకుండా విసిరే పని నాదయింది. కింద నుంచి చూసేవాళ్లకు స్వామికి వింజామర వీస్తున్నట్టే ఉండేదట. "ఇది పొగ కోసం, కేవలం పొగ కోసం" అని పళ్లు బిగించి గొణుక్కుంటూ, భుజం లాగేస్తున్నా హారతి పూర్తయ్యేదాకా దిగని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాణ్ణి దిగమని మాత్రం అనబుద్ధి కాదు.