నడినదిలో కాలు దించిన సుమంగల

నా కోడలు సుమంగలకి ఈత రాదు. ఎనిమిదేళ్ళు అఘనాశిని నదిలో తినే గుల్లలు ఏరి బతికిన మనిషికి ఈత రాదంటే పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మా రేవులో ఆడవాళ్ళెవరికీ రాదు, నాకూ రాదు. నీరు తీసిన వేళ చూసుకుని దిగుతాం. మొలలోతు, మహా అయితే రొమ్ములోతు. కాళ్ళతో బురద తడుముతాం, గుల్ల తగిలితే వంగి తీస్తాం, నడుముకి తాడుతో కట్టుకున్న డబ్బాలో వేస్తాం. పోటు తిరిగేలోపు గట్టెక్కుతాం. ఈ పనికి కాళ్ళు కావాలి గానీ ఈత ఎందుకు?

సుమంగల పుట్టింది పైన శిరసి వైపు, వక్కతోటల్లో. వాళ్ళ నాన్న మా కులంవాడే, తోట కూలికి పోయి అక్కడే ఉండిపోయాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో బురదలో కాలు పెట్టమంటే పీత కరుస్తుందని ఏడ్చింది. "మీ తోటల్లో జలగలు పట్టినప్పుడు ఏడవలేదా" అన్నాను. పని నేర్పింది నేను కాదు. నాకంత ఓపిక ఎక్కడిది? నా కూతురు కమల నేర్పింది. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని అంకోలా పోతే, కమల చంటిపిల్ల చైత్రని ఎత్తుకుని నా ఇంటికే వచ్చేసింది. వదినా మరదళ్ళు ఒకే పడవలో పోయేవాళ్ళు, ఒకే డబ్బాలో గంజి తాగేవాళ్ళు. "నీళ్ళల్లో కంటితో పనిలేదు వదినా, కాలే కన్ను" అనేది కమల. రెండేళ్ళకి ఆ వక్కతోట పిల్ల మా అందరికంటే ముందు బస్తా నింపడం మొదలుపెట్టింది. కాలి బొటనవేలితోనే గుల్ల చిన్నదో పెద్దదో చెప్పేది. పిల్లలు పుట్టలేదు. చైత్రని చంకనేసుకుని తిరిగేది, ఎవరి పిల్లో తెలియనివాళ్ళు దాని పిల్లే అనుకునేవాళ్ళు.

మూడేళ్ళ కింద, దీపావళి దాటిన వారానికి, నది అడుగున ఎవరో ఇసుక తవ్వుకుపోయిన గుంటలో కమల కాలు పడింది. నిన్నటిదాకా నేల ఉన్న చోటు. సుమంగల చెయ్యి పట్టుకుంది. పట్టు జారింది. అంతే, ఇంతకంటే ఎక్కువ నేను చెప్పలేను.

పదకొండో రోజు చుట్టాలందరూ భోజనాలకి కూర్చున్నారు. సుమంగల అన్నం వడ్డిస్తోంది. నేను అందరూ వింటుండగా అన్నాను: "చెయ్యి నీ చేతిలోనే ఉంది కదే, ఎట్లా వదిలేశావు?" అది ఆ వరస పూర్తిగా వడ్డించి, గరిట గిన్నెలో పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత నదిలో దిగలేదు. గట్టు మీద కూర్చుని, మిగతావాళ్ళు తెచ్చిన గుల్లలు కత్తితో విప్పి పెడుతుంది. ఆ మాట తప్పని నాకు ఆ సాయంత్రానికే తెలిసింది. తెలిసి ఏం లాభం, నా నోటికి మాట బయటికి తోయడమే వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు.

చైత్రకి ఇప్పుడు పన్నెండు. తల్లి పోయినప్పటినుంచి అది పడవ ఎక్కదు. మా ఒడ్డున బడి ఏడో తరగతిదాకే. ఎనిమిదికి అవతలి ఒడ్డుకి పోవాలి, రేవు పడవలో పది నిమిషాలు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోదామంటే రెండు బస్సులు మారాలి, సాయంత్రం తిరుగు బస్సు ఉండదు. సుమంగల మూడుసార్లు దాన్ని రేవుకి తీసుకెళ్ళింది. మూడోసారి పిల్ల రేవు గుంజని పట్టుకుని వాంతి చేసుకుంది. జూన్‌లోగా పడవ ఎక్కితే చదువు, లేకపోతే లేదు. "మాననీ, గుల్లలు విప్పుకుంటూ కూర్చుంటుంది" అన్నాను నేను. సుమంగల నావైపు చూసింది.

జనవరిలో మా ఊళ్ళో నది పండగ పెట్టారు, రెండు రోజులు. మైకులు, బజ్జీల కొట్లు, చిన్నపిల్లలకి రంగులు పూసే బల్ల. పిల్లాజెల్లాతో రండి, అందరూ నీళ్ళల్లో ఆడుకోవచ్చు అని ఆటోలో అరుచుకుంటూ తిరిగారు. కార్వార్ నుంచి పనసతొన రంగు పడవలు తెచ్చారు. కయాక్‌లంట. ఇద్దరు కూర్చునేవి. ముందు బడికి వచ్చి పిల్లలకి ఇసుకలో కూర్చోబెట్టి తెడ్డు పట్టుకోవడం నేర్పారు, లోతులేని చోట, మనిషిని మునగనివ్వని ఎర్ర జాకెట్ వేసి నీళ్ళల్లో తేలడం చూపించారు. వాళ్ళల్లో రేష్మ అనే పిల్ల ఒకతి, మగరాయుడిలా చొక్కా లాగూ వేసుకుని ఉంటుంది, చైత్రతో ఏం చెప్పిందో తెలీదు. ఇంటికి ఒక కాగితం వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఇంటి పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలి, నది నడుమ పాతిన జెండాని చుట్టి రావాలి. కింద సుమంగల సంతకం.

"ఎవర్నడిగి పెట్టావే సంతకం?" అన్నాను.

"పిల్ల అడిగింది అత్తమ్మా. మూడేళ్ళలో నీళ్ళ వైపు పోతానని అది నోరు తెరిచి అడగడం ఇదే మొదలు."

"అడిగితే? తేలు తోక అడిగితే అదీ పట్టిస్తావా?"

"ఇంటివాళ్ళే ఎక్కాలంట. మీ అబ్బాయి మల్పెలో బోటు మీదున్నాడు. మీరెక్కుతారా?"

"నేనెక్కితే పడవ మునుగుతుంది."

"అందుకే నేను" అని కత్తి నూరుకోవడానికి పోయింది.

పండగ వచ్చేదాకా నాకు తిన్నది ఒంటబట్టలేదు. ఒకరు పోయిన నదిలోకి ఇద్దరు పోతామంటున్నారు. ఆ ఇద్దరూ పోతే నాకు మిగిలేది మల్పెలో ఉన్న కొడుకు, వాడు వానాకాలంలో తప్ప ఇంటికి రాడు.

పండగ రోజు పొద్దున తొమ్మిదింటికల్లా గట్టు నిండిపోయింది. పక్కింటి దేవక్క నా పక్కన చాప వేసింది. సుమంగల చీర మోకాళ్ళపైకి బిగించి, ఆ ఎర్ర జాకెట్ తొడుక్కుని వచ్చింది.

"బీరక్కా, నీ కోడలు గోనెలో కట్టిన బెల్లం దిమ్మలా ఉంది" అంది దేవక్క.

"నీ కోడలైతే దిమ్మ కాదు, బండెడు బెల్లం అయ్యేది" అన్నాను. ఊరికే నోరు అంది గానీ నా చూపంతా ఆ జాకెట్ మీదే ఉంది. రేష్మని పిలిచాను. "ఏమ్మా, ఈ చొక్కా మనిషిని మోస్తుందా?"

"మోస్తుంది అమ్మమ్మా. మిమ్మల్నీ మోస్తుంది."

"నన్ను మొయ్యడం గొప్పేం కాదు, నలుగురు ఎప్పుడైనా మోస్తారు. దీనికి ఈత రాదు తెలుసా?"

"రాకపోయినా పర్లేదు. పడవ ఊగితే బెదరకుండా మధ్యలో కూర్చోమని చెప్పాను. ఒకవేళ పడితే వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకి లేపాలి, అంతే."

చైత్ర కూడా జాకెట్ తొడుక్కుని వచ్చింది. దాని పెదాలు తెల్లగా ఉన్నాయి. ముందు అది కూర్చుంది, వెనక సుమంగల. పడవ నీళ్ళల్లోకి తోయగానే ఇద్దరి తెడ్లూ టకటకా కొట్టుకున్నాయి. జనం నవ్వారు. నేను నవ్వలేదు, తమలపాకు నోట్లో అలాగే పెట్టుకుని నమలడం మర్చిపోయాను.

మొదటి సగం బాగానే పోయారు. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నంతవరకూ నాకు నేల తెలుసు, అక్కడ పడితే లేచి నిలబడొచ్చు. జెండా దగ్గర నీళ్ళు నల్లగా ఉంటాయి. అక్కడికి పోతుంటే రేవు పడవ అవతలినుంచి వచ్చింది. దాని అల వచ్చి ఈ పనసతొనకి పక్కనుంచి కొట్టింది. పడవ ఊగింది.

అప్పుడు సుమంగల ఎడమకాలు బయట పెట్టింది.

గట్టు మీద ఎవరికీ అర్థం కాలేదు, నాకు అర్థమైంది. మా గుల్లల పడవలు ఊగితే మేమంతా చేసే పని అదే. కాలు దించి నేల మీద ఆన్చుతాం, పడవ నిలబడుతుంది. రేష్మకి ఆ సంగతి తెలీదు, తెలిస్తే కాలు దించొద్దని ముందే చెప్పేది. నది నడుమ మూడు నిలువుల లోతు. కాలికి నేల అందలేదు. కాలు పోయిన వైపే పడవ పోయింది. ఇద్దరూ బోర్లా పడ్డారు.

రెండు ఎర్ర జాకెట్లు తేలాయి. రెండూ తేలాయని దేవక్క నాకు నాలుగుసార్లు చెప్పిందంట, నాకు ఒక్కసారీ వినపడలేదు. నేను మోకాళ్ళలోతు నీళ్ళల్లో ఉన్నాను. రేష్మ ఇంకో పడవలోంచి అరుస్తోంది: "ఆంటీ, చెయ్యి వదిలి పడవ పట్టుకోండి. కాళ్ళు పైకి లేపండి." సుమంగల నిలువుగా ఉంది, జాకెట్ చెవులదాకా ఎక్కింది, గడ్డం నీళ్ళు తాగుతోంది. ఆ నీళ్ళ కింద దాని కాళ్ళు ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. నేల వెతుకుతున్నాయి.

నా గొంతు అవతలి రేవులో పడవవాణ్ణి నిద్ర లేపే గొంతు. "సుమంగలా, అక్కడ నేల లేదే. వెతకొద్దు. చాప మీద పడుకున్నట్టు పడుకో" అని అరిచాను.

విందో లేదో తెలీదు. విన్లేదనే అంటుంది అది. కాసేపటికి దాని రెండు అరికాళ్ళు నీళ్ళపైన తేలాయి, తెల్లగా, ఉడకబెట్టిన గుల్లల్లా. పక్కనే చైత్రవి. మోటారు పడవ వచ్చి ఇద్దర్నీ లాగేదాకా నాలుగైదు నిమిషాలంట. ఆ నాలుగైదు నిమిషాల్లో నేను మొలలోతుదాకా పోయానని, దేవక్క నా కొంగు పట్టుకుని లాగితే కొంగు చిరిగిందని తర్వాత తెలిసింది.

గట్టు మీద చైత్ర దగ్గి దగ్గి ఉప్పునీళ్ళు కక్కింది. అయిపోయింది, ఇక ఈ పిల్ల వాననీళ్ళల్లో కూడా కాలు పెట్టదు అనుకున్నాను. తువ్వాలు చుట్టి చేతులు తుడుస్తుంటే కుడి మణికట్టు మీద అయిదు వేళ్ళ గుర్తులు కనిపించాయి, ఎర్రగా, వాచి. సుమంగల పట్టు. చెయ్యి వదలమని రేష్మ అంత అరిచినా వదల్లేదు. నేను ఆ చేతిని తుడుస్తూ ఉండిపోయాను.

చైత్ర చెయ్యి లాక్కుని లేచింది. "కాలెందుకు దించావు అత్తా?" అంది. ఏడుస్తోందనుకున్నాను, ఏడుపు కాదు, కోపం. "ఊగితే కదలొద్దని రేష్మక్క చెప్పలేదా?"

సుమంగల పళ్ళు టకటకలాడుతున్నాయి. "మీ అమ్మ నేర్పిందే అలాగ. పడవ ఊగితే కాలు దించమని."

మూడేళ్ళలో మా ఇంట్లో కమల మాట ఎత్తడం అదే మొదటిసారి.

చైత్ర ఒడ్డుకి లాగిన కయాక్ వైపు చూసింది. "అమ్మ గుల్లల పడవకి చెప్పింది. దీనికి కాదు" అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఈసారి నువ్వు ముందు కూర్చో. నేను వెనక కూర్చుని చూస్తుంటాను. కాళ్ళు కదిల్తే తెడ్డుతో కొడతాను."

"మళ్ళీనా?" అంది సుమంగల.

"జెండా దాకా పోలేదు కదా మనం."

సుమంగల నావైపు తిరిగింది. జుట్టంతా మొహానికి అంటుకుపోయి ఉంది. "అత్తమ్మా, మీరు వొద్దంటే వొద్దు" అంది.

వొద్దనడానికి నా నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. నల్లనీళ్ళు అక్కడే ఉన్నాయి, గుంటలూ ఎక్కడో ఉన్నాయి, నాకు తెలియని చోట. కానీ పిల్ల తడి బట్టలతో పడవ వైపు తిరిగి నిలబడి ఉంది. నేను దాన్ని ఈ వైపు తిప్పితే మళ్ళీ ఎవరు ఆ వైపు తిప్పుతారు?

"సుమంగలా" అన్నాను. "ఆ పదకొండో రోజున నేనన్న మాట..."

"తెలుసు అత్తమ్మా" అంది అది. "ముందు ఈ పక్క పట్టీ లాగండి, వదులుగా ఉంది."

లాగాను. రెండోదీ లాగాను. "అబ్బా, ఊపిరాడదు" అని సుమంగల అంటే కొంచెం వదిలాను. చైత్రది కూడా బిగించాను. రేష్మ తన పడవ పక్కకి తెచ్చుకుంది. నీరు తీయడం మొదలైంది, గంటలో నదికి బలం పెరుగుతుంది, పోతే ఇప్పుడే పోవాలి అని చెప్పాను.

పోయారు. దేవక్క కూర్చోమంటే నేను కూర్చోలేదు. ఆకుపచ్చ నీళ్ళు దాటేదాకా గట్టు వెంట నడిచాను, దాటాక మోకాళ్ళలోతు నీళ్ళల్లో నిలబడ్డాను. గాలి ఇటు వీస్తోంది. పడవ ఊగినప్పుడల్లా ఆ పిల్ల గొంతు గట్టుదాకా వచ్చింది: "కాళ్ళు, అత్తా, కాళ్ళు."