తలీతాకుమీ తర్వాతి మాట

మా చెల్లెలి సమాధి మీద చెక్కి ఉన్న మాట తెలుగు కాదు. అక్షరాలు మాత్రం తెలుగువే. మా నాయన పనిచేసిన బేతంచెర్ల గనిలోంచి తెచ్చిన నాపబండ మీద మా పేట ఉపదేశి దగ్గరుండి చెక్కించాడు: తలీతాకుమీ. ఆ పక్కగా గొర్రెలు తోలుకుపోయేవాళ్లు అది మా చెల్లెలి పేరనుకుంటారు. నేను సరిదిద్దను. దాని అర్థం చెప్పాలంటే ఆ రోజు సంగతంతా చెప్పాలి. అది మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మాట సువార్తలోది. ఒక పెద్దమనిషి కూతురు చనిపోతుంది. ఇంటినిండా ఏడుపులు. యేసు వచ్చి, పిల్ల నిద్రపోతోందంటే అందరూ నవ్వుతారు. ఆయన వాళ్లను బయటికి పంపించి, పిల్ల చెయ్యి పట్టుకుని తలీతాకుమీ అంటాడు. చిన్నదానా లే, అని. పిల్ల లేచి నడుస్తుంది. సువార్త రాసింది గ్రీకు భాషలో. కానీ ఈ మాటను మాత్రం ఆయన నోట వచ్చినట్టే, ఆయన ఇంట్లో మాట్లాడుకునే అరమాయిక భాషలోనే ఉంచేసి, పక్కన అర్థం రాశారు. తలీతా అనే మాట పుట్టుకలో గొర్రెపిల్ల అనే అర్థం కూడా ఉందట. ఇదంతా నాకు ఆ తర్వాత కొన్నేళ్లకు, కర్నూలులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు, బైబిలు పాఠం చెప్పే ముసలామె చెప్పింది. ‘అదేం మంత్రం కాదమ్మా, రోజూ పొద్దున తల్లి బిడ్డను లేపే మాట. అంత మామూలు మాటతో లేపాడనే దాన్ని మార్చకుండా ఉంచుకున్నారు’ అంది. తరగతిలో అందరూ తలలూపారు. నేను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్లు నూరుకున్నాను. మా పేటలో దాన్ని మంత్రమే చేశారు మరి.

మా అమ్మ కూడా రోజూ పొద్దున ఆ మాటే అనేది, మా భాషలో. ‘లెయ్యే పాపా, పొద్దెక్కింది’ అని. చెల్లెలు కళ్లు తెరవకుండానే ‘ఇంకొంచేపు మా’ అనేది. దుప్పటి లాగేస్తే చాప కింద దూరేది. చివరికి అమ్మ విసిగిపోయి, గంజి అయిపోతోందని అబద్ధం చెప్తే లేచి కూర్చునేది. తిండి మాట వింటే ఎంత నిద్రలో ఉన్నా లేచే పిల్ల అది.

అది యాభైల మొదట్లో, మా సీమను కరువు పట్టి పీడించిన కాలం. వానల్లేక, విత్తనం వేసే పని లేక, బండ కొట్టడం తెలియని రైతులు కూడా గనుల్లోకి వచ్చేశారు. దాంతో మా నాయనకు పని దొరికిన రోజుకన్నా దొరకని రోజే ఎక్కువైంది. సర్కారు గంజి కేంద్రం పెట్టింది. అమ్మ సిల్వరు గిన్నె పట్టుకుని వరసలో నిలబడి తెచ్చేది. అందులో నీళ్లలో గింజలు వెతుక్కోవాలి. చెల్లెలు ఆ గింజల్ని వేలితో ఏరి, చివరికి దాచుకుని తినేది.

ఆ ఎండాకాలంలో దానికి జ్వరం పట్టింది. బేతంచెర్ల ఆసుపత్రి నుంచి కాంపౌండరు వచ్చి మందిచ్చి పోయాడు. మళ్లీ వచ్చినప్పుడు చెయ్యి పట్టి చూసి, ‘జ్వరం దిగింది, ఇంక నీరసమే. గంటగంటకూ కొంచెం కొంచెం ఏదైనా తాపుతా ఉండండి. అంబలైనా సరే, గంజైనా సరే’ అన్నాడు. అమ్మ అటకమీద దాచిన చారెడు రాగిపిండి దించింది. పాపకు తప్ప ఎవరికీ ముట్టనివ్వలేదు. పాప లేచి కూర్చోలేకపోయేది గానీ, పోసింది మింగేది.

సరిగ్గా అప్పుడే ఉపదేశి వచ్చాడు. మా పేటకు ప్రార్థనలు చేసేదీ, పిల్లలకు పాఠం చెప్పేదీ ఆయనే. ఆయన చెడ్డవాడు కాదు. నా కోపమంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని మరిచిపోయేదాన్ని. పరులకోసం తాను పస్తులుండే మనిషి. పాపను చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

‘ఉపవాస ప్రార్థన పెట్టుకుందామమ్మా. తలీతాకుమీ అన్న ప్రభువు ఈడ మాత్రం లేడా?’ అన్నాడు.

ఉపవాస ప్రార్థనకు మా పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికోసం ప్రార్థన పెట్టుకుంటారో ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగకూడదు. ముందురోజు సాయంత్రమే బూడిద ఎత్తి, పొయ్యిలో నీళ్లు చల్లి, అలికి పెట్టాలి. ఇంట్లో ఒక్కరు ముట్టినా అందరి ఉపవాసమూ భంగమైనట్టే. ఎలాగూ కడుపులు మాడుతున్న కాలం. దానికి దేవుడి పేరు పెట్టుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. అందుకే ఆ కరువులో మా పేటలో ఉపవాసాలు మరీ ఎక్కువయ్యాయి.

నాయన ఒక్కసారి అడిగాడు. ‘పాపకు కూడానా అయ్యా?’

‘పాప కోసమే గదప్పా’ అన్నాడు ఉపదేశి. బండను పగలగొట్టే నాయన, ఉపదేశి ముందు మాత్రం నోరెత్తేవాడు కాదు.

మర్నాడు తెల్లవారక ముందే జనం చేరారు. ఇల్లంతా మనుషులు, చెమట. చెల్లెల్ని నడిమధ్యన చాప మీద పడుకోబెట్టారు. మిషను బడిలో చదువుకున్నదాన్ని కాబట్టి బైబిలు నా చేతికిచ్చారు. ఆ కథ చదవాలి, ఆ మాట రాగానే ఆపాలి, అప్పుడు అందరూ తలీతాకుమీ, తలీతాకుమీ అని మొర పెట్టాలి. మళ్లీ మొదటినుంచీ చదవాలి. అలా చదివి చదివి నా గొంతు పోయింది.

ఒకసారి ఆపమన్నచోట నేను ఆపలేదు. కిందనే ఇంకో మాట కనిపించింది. చదివాను. పిల్ల లేచాక, దానికి తినడానికి పెట్టండని ఆయన చెప్పాడని.

‘ఆపు, ఆపు’ అన్నాడు ఉపదేశి. ‘ఆ మాట మనకిప్పుడు పని లేదు.’

‘ఉండాది కదయ్యా, ఈడ. పెట్టమన్నాడు.’

‘అది లేసినాక. ముందు లేయనీ.’

చుట్టూ ఉన్న పెద్దలంతా అవునవును అన్నారు. నిజమే కదా, లేచాక కదా పెట్టాల్సింది! అంత మంచి లెక్క ఎవరు కాదంటారు? అమ్మ మాత్రం అలికిన పొయ్యి వైపు ఒకసారి చూసింది. ఆ చూపును ఉపదేశి కూడా చూశాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

పొద్దు బాగా ఎక్కాక పక్కింటి దూదేకుల అవ్వ వచ్చింది. పరుపులకు దూది ఏకే ఇల్లు వాళ్లది. కొంగు కింద గిన్నెతో రాగి అంబలి పట్టుకొచ్చింది. గడప దగ్గరే ఆపేశారు.

‘మీ పొయ్యి వెలక్కపోతే నా పొయ్యి వెలిగింది గదమ్మా. ఇంత దాని నోట్లో పోస్తే మీ దేవుడికేం నొప్పి?’ అంది అవ్వ.

‘ఉపవాసంలో ఉండాము అవ్వా’ అంది అమ్మ. ఆమె గొంతు ఆమెకే వినిపించనంత చిన్నగా ఉంది.

‘రంజాను నెలలో మేమూ రోజాలుంటాం. జబ్బు మనిషికి మాఫీ ఉంటాది. మీకు లేదా?’

అవ్వ గిన్నె పట్టుకుని వెనక్కి పోయింది. వాళ్లింటి అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాకా ఆ గిన్నె ఒళ్లోనే పెట్టుకుంది.

మిట్టమధ్యాహ్నం దాటాక చెల్లెలు కళ్లు తెరిచింది. పెదాలు తడుపుకుని, ‘అమ్మా, సంగటి’ అంది. స్పష్టంగా అంది. ఇల్లంతా విన్నది.

‘స్తోత్రం!’ అని ఉపదేశి లేచి నిలబడ్డాడు. ‘చూసినారా! నోరు తెరిచింది! ప్రార్థన పని చేస్తాండాది!’

అందరూ ఏడుస్తూ స్తోత్రాలు మొదలుపెట్టారు. ఆకలైన పిల్ల అన్నం అడిగితే అద్భుతమనుకున్న మనుషులు భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చేతిలోకి రెండు పుల్లలు తీసుకుంది.

‘వద్దమ్మా’ అని చేతులు జోడించాడు ఉపదేశి. ‘ఇప్పుడు విడిస్తే పొద్దున్నుంచి పట్టిందంతా పోతాది. ఇంకొంచేపు. పొద్దు గూకేలోపల లేసి కూచుంటాది, నా మాట నమ్ము.’

అమ్మ పుల్లలు కింద పెట్టేసింది. చెల్లెలు ఇంకొకసారి సంగటి అంది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. పొద్దు గూకే వేళకు అమ్మ ఒళ్లో దాని తల పక్కకు వాలిపోయింది. జనం ఇంకా తలీతాకుమీ అంటూనే ఉన్నారు. ఆపమని చెప్పింది మా నాయన.

పనికిరాని మందును ఎవరైనా పారేస్తారు. వీళ్లు పారేయలేదు. సమాధి మీద అదే మాట చెక్కించాడు ఉపదేశి. కడవరి దినాన బూర మోగినప్పుడు పాప లేస్తుందట, మాట వృథా పోదట. బండ మాత్రం నాయనే భుజాన మోసుకొచ్చాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ తర్వాత ఒక ఆదివారం ప్రసంగంలో, అమ్మను ముందర కూర్చోబెట్టుకునే, ‘తల్లి మనసు పొయ్యి మీద ఉండె, ప్రార్థన మీద లేకపాయె’ అన్నాడు. పేరు పెట్టి చెప్పలేదు. చెప్పాలా? గుడి గుడంతా మా వైపే చూసింది. అమ్మ తల దించుకుంది. ఆ దించుకున్న తల కొన్నేళ్లపాటు ఎత్తలేదు. తన చూపు వల్లే బిడ్డ పోయిందని ఆమె నమ్మింది. బిడ్డను చంపిన ఆకలికి శిక్ష లేదు గానీ, ఆకలి తీర్చాలని చూసిన కంటికి శిక్ష పడింది.

ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, కర్నూలు ముసలామె చెప్పిన అర్థం అమ్మకు చెప్పాను. రోజూ పొద్దున నువ్వు పాపను లేపేదానివే, అదేనంట ఆ మాట, అన్నాను. అమ్మ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపింది.

‘ఆ పొద్దు నువ్వు ఇంకో మాట చదివితివే. అది నిజంగా ఉండాదా దాంట్లో? లేకపోతే పాప మీద మమకారంతో నువ్వే చదివితివా?’

బైబిలు తెచ్చి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా ఆ వరస మీద వేలు పెట్టించుకుంది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. తర్వాత చేట పట్టుకుని చెరుక్కుంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

రెండురోజుల్లో ఈస్టరు. ఆ రోజు తెల్లారేసరికి మా పేటంతా సమాధుల దగ్గర చేరుతుంది. సున్నం కొట్టిన సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టి, చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారని పాటలు పాడతారు. ప్రార్థన అయ్యేదాకా ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఆ పొద్దున నాకు మెలకువ వచ్చింది పొగ వాసనకు. అమ్మ పొయ్యి వెలిగించి సంగటి గెలుకుతోంది. నాయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

వేడివేడి సంగటి ముద్దను పళ్లెంలో పెట్టుకుని, పక్కన ఇంత చింతాకు పప్పు వేసుకుని, అమ్మ నడిచింది. కొంగు కప్పలేదు, దాచలేదు. పేటంతా చూస్తుండగా చెల్లెలి బండ మీద, ఆ చెక్కిన మాటకు కిందగా పళ్లెం పెట్టింది. పాట ఆగిపోయింది. ఉపదేశి, అప్పటికి బాగా ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

‘ఏందమ్మా ఇది? అన్యుల మాదిరి సమాధి మీద కూడు పెడతాండావు? సచ్చినోళ్లు తింటారా?’

అమ్మ తల ఎత్తింది. అన్నేళ్ల తర్వాత ఆమె ఆయన ముఖంలోకి చూడటం నేను అప్పుడే చూశాను.

‘లేస్తారని మీరే గదయ్యా చెప్తాండేది. లేస్తే దానికి ఆకలిగా ఉంటాది. అడిగి అడిగి, తినకుండానే పండుకునింది.’